యువత ఓటు జారిపోతున్నది జాబితాలోనే

మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. పలాస దగ్గరి పల్లె నుంచి వచ్చి హైదరాబాద్‌లో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్న మీరు, ఏటా జనవరి 25న కళాశాలలో ప్రతిజ్ఞ చేయించి, ర్యాలీ తీసి, ఫొటోలు దిగి పంపడం తప్ప ఎన్నికలను బాగుచేయడానికీ యువతను పోలింగ్ కేంద్రానికి రప్పించడానికీ ప్రభుత్వం చేస్తున్నది ఏమైనా ఉందా అని అడిగారు. ఊళ్ళో ఉన్న ఓటును అక్కడే ఉంచుకోవాలా, హాస్టలు చిరునామాకు మార్చుకోవాలా అన్నది రెండోది. రెవెన్యూ శాఖలో పనిచేసిన కాలంలో ఓటరు జాబితా సవరణలు చాలా చూసినవాడిగా, నాకు తెలిసినంత వరకు రెండింటికీ జవాబు చెబుతాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ఎన్నికలు జరిపేది ప్రభుత్వం కాదు. రాజ్యాంగంలోని 324వ అధికరణం ఆ బాధ్యతను ఎన్నికల కమిషన్‌కు అప్పగించింది. చట్టాలు చేసేది పార్లమెంటు, వాటిని అమలు చేసేది కమిషన్, క్షేత్రంలో కాళ్ళరిగేలా తిరిగేది మాత్రం రాష్ట్ర ప్రభుత్వ సిబ్బంది: కలెక్టరు, ఆర్డీవో, తహసీల్దారు, వారి కింద పోలింగ్ కేంద్రానికి ఒకరు చొప్పున ఉండే బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్వో. ఆ బీఎల్వో మామూలు రోజుల్లో అంగన్‌వాడీ కార్యకర్తో, ఉపాధ్యాయుడో, సచివాలయ ఉద్యోగో అయి ఉంటారు. కాబట్టి ‘ప్రభుత్వ ప్రయత్నం’ అనే మాటలో ముగ్గురి పని కలిసి ఉంది, ఆ ముగ్గురూ ఎప్పుడూ ఒకే దిశలో నడవరు. కమిషనర్ల నియామక సంఘంలో ప్రధాన న్యాయమూర్తి ఉండాలని 2023 మార్చిలో సుప్రీంకోర్టు చెబితే, అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు చేసిన చట్టం ఆ స్థానంలో ప్రధాని ఎంపిక చేసే కేంద్రమంత్రిని కూర్చోబెట్టింది. ఒకవైపు ఓటేయమని యువతను పిలుస్తూ, మరోవైపు పిలిచే సంస్థ మీదే సందేహం రావడానికి అవకాశమివ్వడం మంచిది కాదని నా అభిప్రాయం.

యువత విషయంలో పార్లమెంటు చేసిన అతి పెద్ద పని 61వ రాజ్యాంగ సవరణ. దాని వల్ల ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గి, 1989 మార్చి 28న అమలులోకి వచ్చింది. ఆ ఏడాది చివర జరిగిన లోక్‌సభ ఎన్నికల నాటికి ఓటర్ల సంఖ్య దాదాపు 50 కోట్లకు చేరింది. అయితే పోలింగ్ శాతం పెరగలేదు; 1984లో సుమారు 64గా ఉన్నది 1989లో సుమారు 62కు తగ్గింది. హక్కు ఇచ్చినంత మాత్రాన జనం వరుసలో నిలబడరని ప్రభుత్వాలకు అప్పుడే తెలిసి ఉండాలి. ఓటరు చైతన్యం కోసం కమిషన్ ‘స్వీప్’ అనే కార్యక్రమాన్ని 2009లో గాని మొదలుపెట్టలేదు. కమిషన్ ఏర్పడిన జనవరి 25ను జాతీయ ఓటర్ల దినోత్సవంగా జరపడం 2011లో మొదలైంది. విద్యాలయాల్లో ఎన్నికల అక్షరాస్యత క్లబ్బులు 2018లో వచ్చాయి. 2024 లోక్‌సభ ఎన్నికల ముందు, ఫిబ్రవరి 28 నుంచి మార్చి 6 వరకు, తొలి ఓటు దేశం కోసమంటూ కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్యాసంస్థలన్నిటిలో ప్రచారం నడిపింది. మీరు చూసిన ప్రతిజ్ఞలూ ర్యాలీలూ ఈ వరుసలోనివే.

వాటిని నేను తీసిపారేయను. కానీ ఎవరూ పెద్దగా ప్రచారం చేయని ఇంకొక మార్పు వాటన్నిటికన్నా ఎక్కువ పని చేసింది. ఇదివరకు ఓటరుగా చేరడానికి ఏడాదికి ఒకే అర్హత తేదీ (ఆ నాటికి 18 ఏళ్ళు నిండి ఉండాలి) ఉండేది, అది జనవరి 1. జనవరి 2న పుట్టిన పిల్లవాడు ఒక్క రోజు తేడాతో దాదాపు ఏడాది పాటు ఆగవలసి వచ్చేది, ఆ మధ్యలో ఎన్నికలు వస్తే మరో ఐదేళ్ళు అంతే. 2021 డిసెంబరులో చేసిన చట్ట సవరణతో జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అనే నాలుగు తేదీలు వచ్చి, 2022 ఆగస్టు నుంచి అమలవుతున్నాయి. దీనితో పాటే 17 ఏళ్ళు నిండినవారు ముందుగానే కొత్త ఓటరు దరఖాస్తు అయిన ఫారం-6 ఇచ్చే వీలు కలిగింది. 18 నిండిన తరువాత వచ్చే అర్హత తేదీకి ఆ దరఖాస్తును పరిశీలించి పేరు చేరుస్తారు.

ఈ వెసులుబాటు ఎంతవరకు ఉపయోగపడిందో చూద్దాం. 2024 ఫిబ్రవరి నాటికి దేశంలో 96.88 కోట్ల మంది ఓటర్లు ఉంటే, వారిలో 18, 19 ఏళ్ళవారు సుమారు 1.84 కోట్లు. జనాభా అంచనాల ప్రకారం ఆ వయసువారిలో పేరు నమోదైనవారు 40 శాతానికి లోపే. ఢిల్లీ, బిహార్, ఉత్తరప్రదేశ్‌లలో ఇది పాతిక శాతానికి కూడా చేరలేదు. దేశం మొత్తంలో ముందున్నది తెలంగాణ, అక్కడ దాదాపు మూడింట రెండు వంతుల మంది జాబితాలోకి వచ్చారు. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. 2023 నవంబరులో శాసనసభ ఎన్నికలు ఉన్నందున ఆ రాష్ట్రంలో అదే ఏడాది అక్టోబరు 1ని అర్హత తేదీగా తీసుకొని రెండోసారి ప్రత్యేక సవరణ జరిపారు, అక్టోబరు 4న ప్రకటించిన జాబితాలో 18, 19 ఏళ్ళవారే 8 లక్షలు దాటారు. చట్టం దేశమంతటికీ ఒకటే, యువత స్వభావమూ ఒకటే. ఇంటింటికీ తిరిగి, కళాశాలల్లో బల్లలు వేసుకొని ఫారాలు తీసుకున్న చోట పేర్లు చేరాయి, తీసుకోని చోట చేరలేదు. యువతకు రాజకీయాలంటే ఆసక్తి లేదన్న మాటను నేను నమ్మకపోవడానికి ఇది మొదటి కారణం.

మన రాష్ట్రాల్లో దీన్ని సరిగ్గా చేయవలసిన చోటు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరమని నా గట్టి నమ్మకం. అప్పటికి చాలామందికి 17 నిండుతుంది, ఇంకా ఇంటి దగ్గరో సొంత జిల్లాలోనో ఉంటారు, ఆధార్ కార్డూ పదో తరగతి మార్కుల జాబితా చేతిలోనే ఉంటాయి. ఒక్కసారి ఇంజినీరింగుకో ఉద్యోగానికో హైదరాబాద్, బెంగళూరు చేరాక వారిని పట్టుకోవడం బీఎల్వో తరం కాదు. అయినా క్లబ్బులు, ప్రతిజ్ఞలు ఎక్కువగా కనిపించేది డిగ్రీ, ఇంజినీరింగు కళాశాలల్లోనే. ఇంటర్ విద్యార్థికి ఆ ఏడాదంతా ప్రవేశపరీక్షలు తప్ప మరో లోకం ఉండదు కనుక కళాశాలలు కూడా ఆ గంట ఇవ్వడానికి ఇష్టపడవు. ర్యాలీకి ఎంతమంది వచ్చారన్న నివేదిక పైకి వెళ్తుంది. వచ్చినవారిలో ఎంతమంది పేర్లు జాబితాలో ఉన్నాయన్న వరుస ఆ నివేదికలో ఉంటే, మరుసటి ఏడాదికే చాలా మారేది.

ఇక పేరు ఉన్నవారు ఓటేస్తున్నారా అన్నది తరువాతి మెట్టు. అన్ని వయసుల పోలింగ్ కలిపి చూసినా, 2024 మే 13న రెండు తెలుగు రాష్ట్రాలూ ఒకే రోజు ఓటేసినప్పుడు కనిపించిన తేడా ఆలోచింపజేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో తపాలా ఓట్లతో కలిపి 81.86 శాతం పోలైంది. కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటినా వరుసలు తరగలేదు. తెలంగాణలో 65.67 శాతం, అందులో భువనగిరిలో 76 దాటితే హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48.48, సికింద్రాబాద్‌లో 49.04 దగ్గర ఆగింది. పోలింగ్ సోమవారం, దాని ముందు రెండో శనివారం, ఆదివారం. ఆ మూడు రోజుల సెలవులో కూకట్‌పల్లి, ఎల్బీనగర్ నుంచి కోస్తా, రాయలసీమలకు వెళ్ళిన బస్సులూ రైళ్ళూ ఎలా కిక్కిరిశాయో మీరూ చూసే ఉంటారు. హైదరాబాద్‌లో ఓటు వేయని మనిషి బద్ధకస్తుడని పత్రికలు ఏటా తిట్టిపోస్తాయి. బద్ధకం లేదని నేననను. కానీ ఆ నగరపు జాబితాలో ఇల్లు మారినవారి పేర్లు, ఊళ్ళోనూ ఇక్కడా రెండు చోట్లా ఉన్న పేర్లు, మరణించినా తొలగించని పేర్లు కలిసి ఉన్నప్పుడు, శాతం లెక్కలో కింద ఉన్న సంఖ్యే ఉబ్బిపోయి ఉంటుంది; పైగా ఊళ్ళో ఓటేసి వచ్చిన మనిషి పేరు ఇక్కడ కూడా ఉంటే, అతడు ఓటేసినవాడిగానూ ఎగ్గొట్టినవాడిగానూ రెండు లెక్కల్లోనూ పడతాడు.

అలాగని జాబితాను కడగడం సులువైన పని కాదు. 2025లో బిహార్‌లో చేపట్టిన ప్రత్యేక సమగ్ర సవరణలో 7.89 కోట్ల పేర్లున్న జాబితా ముసాయిదా దశకు వచ్చేసరికి 7.24 కోట్లయింది. తొలగించిన సుమారు 65 లక్షల పేర్లనూ కారణాలతో సహా ప్రకటించాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. అక్కడ పాత జాబితాలో లేనివారిని పుట్టిన తేదీని బట్టి విభజించి, 2004 డిసెంబరు 2 తరువాత పుట్టినవారు తమతో పాటు తల్లిదండ్రులిద్దరి ఆధారాలూ చూపాలన్నారు. అంటే ఎక్కువ పత్రాలు అడిగింది సరిగ్గా మీ వయసువారినే. నాలుగు అర్హత తేదీలతో తలుపు తెరిచిన వ్యవస్థే గడప ఎత్తు పెంచితే కొత్త ఓటరు బయటే ఆగిపోతాడు. చచ్చినవారి పేర్లు, రెండు చోట్ల ఉన్న పేర్లు తీసివేయవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. ఎటొచ్చీ అది ఏటా, వార్డు వార్డునా, నోటీసు ఇచ్చి, విని, నిదానంగా చేయవలసిన పని. ఎన్నికల ముందు మూడు నెలల్లో ముగించేది కాదు. హాస్టల్లో ఉన్న మీవంటివారికి ఇందులో ఒక హెచ్చరిక ఉంది. బీఎల్వో ఇంటికి వచ్చినప్పుడు మనిషి లేకపోతే ‘శాశ్వతంగా వలస’ అని రాసుకునే ప్రమాదం ఉంది కనుక, సవరణ జరిగే రోజుల్లో ఇంట్లో పెద్దలకు మీ ఎపిక్ (ఓటరు గుర్తింపు కార్డు) నంబరూ, మీరు చదువు కోసమే వెళ్ళారన్న సంగతీ చెప్పగలిగేలా చూడండి.

యువత ఓటు మీద ప్రభుత్వాల శ్రద్ధను తూచడానికి నేను వాడే కొలత మరొకటి ఉంది. 1962 లోక్‌సభ ఎన్నికల్లో పురుషుల్లో 63 శాతం, మహిళల్లో 46 శాతం పైచిలుకు ఓటేశారు. ఆ దాదాపు 17 పాయింట్ల తేడా ప్రతి ఎన్నిక తరువాతా లెక్కల్లో అచ్చయి, అందరి కళ్ళకూ కనబడుతూ వచ్చింది. మహిళలకు వేరే వరుసలు, మహిళా సిబ్బందితో కేంద్రాలు, అంగన్‌వాడీల ద్వారా, స్వయం సహాయక సంఘాల ద్వారా ప్రచారం ఇవన్నీ ఆ తేడాను చూసి చేసినవే, 2019 నాటికి మహిళల శాతం పురుషులను దాటింది, 2024లోనూ ఒక వెంట్రుకవాసి ముందే ఉంది. వయసు విషయంలో ఇలాంటి లెక్క లేదు. కమిషన్ ప్రకటించే పోలింగ్ వివరాల్లో పురుషులు, మహిళలు, తృతీయ లింగ ఓటర్లు అన్న విభజన ఉంటుంది గాని, 18 నుంచి 25 ఏళ్ళవారు ఎంతమంది ఓటేశారన్న వరుస ఉండదు. యువత పోలింగ్ గురించి టీవీల్లో వినిపించేవన్నీ సర్వేల అంచనాలే. పోలింగ్ కేంద్రంలో ఓటేసిన ప్రతి ఒక్కరి క్రమసంఖ్యా 17-ఏ రిజిస్టరులో రాస్తారు, ఆ క్రమసంఖ్యకు ఎదురుగా జాబితాలో వయసు ఉంటుంది. ఎవరు ఎవరికి వేశారన్న రహస్యానికి భంగం లేకుండానే నియోజకవర్గానికి కొన్ని కేంద్రాలను నమూనాగా తీసుకొని లెక్క కట్టవచ్చు. ఆ పని చేసేదాకా, ఏ ప్రచారం పనిచేసిందో ఏది వృథా అయిందో చెప్పగల ఆధారం ఎవరి దగ్గరా ఉండదు.

ఎన్నికల నాణ్యత గురించి కూడా అడిగారు కనుక కొన్ని మాటలు. యంత్రాల మీద అనుమానాలకు జవాబుగా 2019 నాటికి అన్ని కేంద్రాల్లో, ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపే వీవీప్యాట్ వచ్చింది, శాసనసభ సెగ్మెంటుకు ఐదు యంత్రాల చీటీలను లెక్కించాలన్న నియమం సుప్రీంకోర్టు ఆదేశంతో వచ్చింది. ఈ యంత్రాలను తయారు చేసే రెండు సంస్థల్లో ఒకటి మీరుంటున్న నగరంలోని ఈసీఐఎల్. ప్రలోభాల మీద ఫిర్యాదుకు సీ-విజిల్ యాప్ ఉంది, 100 నిమిషాల్లో చర్య దాని లక్ష్యం. 85 ఏళ్ళు దాటినవారికి, 40 శాతం పైన వైకల్యం ఉన్నవారికి 2024లో దేశమంతటా ఇంటి దగ్గరే ఓటు ఏర్పాటు చేశారు. కేంద్రానికి ఓటర్లు 1,200కు మించకూడదని 2025లో తీసుకున్న నిర్ణయం నగరాల్లో వరుసలు తగ్గిస్తుంది. ఇవి మంచి పనులే. డబ్బు పంపిణీ మాత్రం ఏ యాప్‌కూ చిక్కకుండా సాగుతోంది, ఆ సంగతి మీకూ నాకూ తెలుసు.

మీ వయసువారి గురించి ఇంకొక వింత ఉంది. 18కి ఓటు, 21కి పంచాయతీ వార్డుకు పోటీ చేసే హక్కు, శాసనసభకూ లోక్‌సభకూ పోటీ చేయాలంటే మాత్రం 25 నిండాలి. ఈ వయసును 18కి తగ్గించాలని 2023 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఒకటి సిఫారసు చేస్తే, ఎన్నికల కమిషన్ అంగీకరించలేదు. 18 ఏళ్ళకు శాసనసభ్యత్వం తొందరేమో గాని, 21 ఏళ్ళకు సర్పంచిగా ఊరు నడపగలడని నమ్మిన మనిషిని ఎమ్మెల్యే పదవికి మరో నాలుగేళ్ళు ఆగమనడానికి నాకు సమంజసమైన కారణం కనబడదు.

ఇప్పుడు మీ సొంత విషయం. చదువు కోసం హాస్టల్లో ఉండే విద్యార్థి సొంతూళ్ళోనైనా, హాస్టలు చిరునామాలోనైనా ఓటరుగా ఉండవచ్చు, ఎంపిక విద్యార్థిదే. హాస్టలు చిరునామాకైతే మీ కోర్సు గుర్తింపు పొందినదై, కనీసం ఏడాది కాలపు చదువు అయి ఉండాలి. ప్రిన్సిపాలో, రిజిస్ట్రారో, డీనో నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువీకరణ జతచేయాలి. రెండు చోట్లా పేరు ఉండడం మాత్రం ప్రజాప్రాతినిధ్య చట్టం ఒప్పుకోదు. తెలిసి అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు శిక్షకు అవకాశం ఉంది. ఇక్కడే చాలామంది పిల్లలు పొరపడతారు. ఊళ్ళో ఓటు ఉండగా హైదరాబాద్‌లో కొత్తగా ఫారం-6 ఇస్తారు, అది తొలి నమోదుకు మాత్రమే. చిరునామా మార్పుకు ఇవ్వవలసింది ఫారం-8. అందులో పాత ఎపిక్ నంబరు రాస్తే కొత్త చోట పేరు చేరుతుంది, పాత చోట తొలగింపు ప్రక్రియ మొదలవుతుంది, కార్డు నంబరు మారదు.

దూరంగా ఉండి ఊరి ఓటు వేసే మార్గం మీకు లేదు. తపాలా ఓటు సైనికులకు, ఎన్నికల విధుల్లో ఉన్నవారికి, మరికొన్ని వర్గాలకే పరిమితం. ఒకే యంత్రం మీద 72 నియోజకవర్గాల వరకు ఓట్లు నమోదు చేయగల యంత్రాన్ని కమిషన్ 2023 జనవరిలో పార్టీలకు చూపించింది. వేరే రాష్ట్రంలో ఏజెంట్లను ఎవరు పెడతారు, ప్రవర్తనా నియమావళి అక్కడ ఎలా వర్తిస్తుంది అన్న ప్రశ్నలకు సమాధానం కుదరక అది అక్కడే ఆగింది. విదేశాల్లో ఉన్నవారిదీ అదే పరిస్థితి. 2024లో ప్రవాస ఓటర్లుగా సుమారు 1.2 లక్షల మంది నమోదై ఉంటే, స్వయంగా వచ్చి ఓటేసినవారు మూడు వేల లోపే, వారిలోనూ అత్యధికులు కేరళవారు.

కాబట్టి నన్నడిగితే, మీరు ఊరి ఓటునే ఉంచుకోండి. మరో ఏడాదిన్నరలో హాస్టలు ఖాళీ చేస్తారు, తరువాత ఉద్యోగం ఏ ఊళ్ళోనో తెలియదు, అప్పుడు మళ్ళీ ఫారం-8 తప్పదు; ఈ మధ్యలో ఒక్క దరఖాస్తు ఆగిపోయినా ఏ జాబితాలోనూ లేకుండా పోతారు. పైగా మీ ఊరి పంచాయతీ ఎన్నికల జాబితాను శాసనసభ జాబితా నుంచే తయారు చేస్తారు, ఇక్కడికి మార్చుకుంటే సర్పంచి ఓటు కూడా పోతుంది. స్థిరమైన ఉద్యోగం, అద్దె ఇల్లు కుదిరిన రోజున మాత్రం ఆలస్యం చేయకుండా మార్చుకోండి. ఇల్లు మారినా ఓటు మార్చని పాతికేళ్ళవారు ఎక్కువ కావడం వల్లే నగరాల జాబితాలు ఇలా ఉన్నాయి.

ఊళ్ళో ఓటు ఉంచుకున్నవారు ప్రయాణం గురించి ముందే ఆలోచించాలి. 2024లో షెడ్యూలు మార్చి 16న వచ్చింది, మనకు పోలింగ్ మే 13న, మధ్యలో 58 రోజులు. తెలంగాణ శాసనసభకు 2023లో 52 రోజులే. ఇప్పుడు రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తున్నారు కనుక, షెడ్యూలు వెలువడే నాటికే బెర్తుల అమ్మకం మొదలై ఉంటుంది. ఆ సాయంత్రమే టికెట్టు తీసుకోవాలి. జాబితాలో చేర్పులు నామినేషన్ల చివరి తేదీతో ఆగిపోతాయి, దరఖాస్తు దానికి కనీసం పది రోజుల ముందు అందాలి. ఓటరు కార్డు జేబులో ఉన్నంత మాత్రాన సరిపోదు, జాబితాలో పేరుండాలి. పేరుంటే కార్డు లేకపోయినా ఆధార్, పాన్, పాస్‌పోర్టు వంటివి చూపి ఓటేయవచ్చు. షెడ్యూలు రాకముందే కమిషన్ యాప్‌లోనో వెబ్‌సైటులోనో మీ పేరు, పోలింగ్ కేంద్రం ఒకసారి చూసుకోండి.

చివరగా, మీరు అడగకపోయినా చెప్పవలసినది ఒకటి. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు దీనితో సంబంధం లేని వేరే జాబితా. డిగ్రీ పూర్తయి మూడేళ్ళు గడిచాక ఫారం-18 ఇవ్వాలి, నవంబరు 1 అర్హత తేదీ, ప్రతి ఎన్నికకూ ఆ జాబితాను మొదటి నుంచి తయారు చేస్తారు కనుక గతంలో పేరున్నా మళ్ళీ ఇవ్వవలసిందే. అక్కడ యంత్రం ఉండదు, అభ్యర్థి పేరుకు ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్య అంకెలు వేయాలి. టిక్కు పెట్టినా, సంతకం చేసినా, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా ఓటు చెల్లదు, చదువుకున్నవారు మాత్రమే ఓటేసే ఈ ఎన్నికల్లో చెల్లని ఓట్లు వేలల్లో తేలుతుంటాయి.